విడాకుల కేసు నడుస్తుండగా పిల్లల బడి మార్పు, టీసీ, ఫీజు: ఎవరి హక్కు ఎంతవరకు?

మీరు రాసినదాని సారాంశం ఇది. రెండేళ్లుగా మీరిద్దరూ విడిగా ఉంటున్నారు. మీ భర్త హిందూ వివాహ చట్టం కింద హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో వేసిన విడాకుల కేసు నడుస్తోంది. ఎనిమిదో తరగతి పూర్తి చేయబోతున్న పదమూడేళ్ల అమ్మాయి, రెండో తరగతి చదువుతున్న అబ్బాయి మీ దగ్గరే ఉన్నారు. మీకు విజయవాడలో ఉద్యోగం వచ్చింది కాబట్టి వచ్చే జూన్ నుంచి ఇద్దరినీ అక్కడి బడిలో చేర్చాలనుకుంటున్నారు. పిల్లలను చూపించడం లేదన్న కోపంతో ఆయన రెండో టర్మ్ నుంచి ఫీజు ఆపేశారు. తన సంతకం లేకుండా టీసీ ఇవ్వవద్దని ప్రిన్సిపాలుకు ఉత్తరం కూడా ఇచ్చారు. కస్టడీ గురించి ఇంతవరకు కోర్టు నుంచి ఏ ఉత్తర్వూ రాలేదు.

ఇందులో మూడు ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి: పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, వాళ్ల చదువు గురించి ఎవరు నిర్ణయించాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి. ఫ్యామిలీ కోర్టుల్లో చాలా ఏళ్లుగా ఇటువంటి కేసులు నడుపుతున్న న్యాయవాదిగా నేను గమనించినదేమిటంటే, తగాదా ముదిరిన ప్రతిచోటా తల్లిదండ్రులు ఈ మూడింటినీ ఒకదానికి బదులు ఒకటిగా వాడుకుంటారు. ఫీజు కడుతున్నది నేను కాబట్టి ఏ బడిలో చదవాలో నేనే చెబుతానని ఆయన అంటారు. పిల్లలు నా దగ్గరున్నారు కాబట్టి ఆయనను అడగవలసిన పని లేదని ఆమె అంటారు. పిల్లలను చూపిస్తేనే ఫీజు అని మళ్లీ ఆయన అంటారు. చట్టం ఈ మూడు వాదనల్లో దేన్నీ ఒప్పుకోదు. కాబట్టి మీరు కోర్టుకు వెళ్లినా, రాజీకి కూర్చున్నా, ఈ మూడు ప్రశ్నలకూ విడివిడిగా, రాతపూర్వకంగా జవాబు రాబట్టుకోవడం మీద దృష్టి పెట్టండి.

ముందుగా సంరక్షకత్వం సంగతి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 6వ సెక్షన్ మైనర్‌కు సహజ సంరక్షకుడు తండ్రి అనీ, ఆయన తరువాత తల్లి అనీ చెబుతుంది. ఐదేళ్లు నిండని బిడ్డ మాత్రం సాధారణంగా తల్లి దగ్గర ఉండాలంటుంది. దీన్ని పట్టుకొని, తండ్రి బతికుండగా తల్లి సంతకం చెల్లదని చాలామంది తండ్రులే కాక కొందరు ప్రిన్సిపాళ్లు కూడా ఇప్పటికీ నమ్ముతున్నారు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఈ అపోహను తొలగించింది. తండ్రి చనిపోయాకనే తల్లి సంరక్షకురాలవుతుందన్న అర్థం ఆ సెక్షన్‌కు లేదనీ, తండ్రి బిడ్డ బాగోగులు చూడకుండా దూరంగా ఉన్న పరిస్థితిలో కూడా తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చనీ తీర్పు చెప్పింది. అదే చట్టంలోని 13వ సెక్షన్ అన్నిటికన్నా బిడ్డ సంక్షేమమే ముఖ్యమంటుంది. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తులు కారు, ఆటబొమ్మలు కారు అని సుప్రీంకోర్టు 1973లోనే అన్నది.

అయితే ఈ తీర్పులను చూసి, ఇక ఆయనతో పని లేదన్న నిర్ణయానికి మాత్రం రావద్దు. కోర్టు ఉత్తర్వు లేనంతకాలం పిల్లల చదువు విషయంలో మీకెంత హక్కు ఉందో ఆయనకూ అంత హక్కు ఉంది. ఆయనకు చెప్పకుండా పిల్లలను మరో రాష్ట్రానికి తీసుకెళ్లి చేర్పిస్తే అది నేరం కాకపోవచ్చు. కానీ రేపు కస్టడీ వాదనల్లో ఆయన న్యాయవాది మొదట ఎత్తి చూపేది దాన్నే. పిల్లలను తండ్రికి దూరం చేయడానికే ఊరు మార్చిందన్న వాదనకు మీరే ఆధారం అందించినట్లవుతుంది. ఉద్యోగ నియామక పత్రం, చేర్చదలచుకున్న బడి వివరాలు, పిల్లలు ఉండబోయే ఇంటి చిరునామా జతచేసి, ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. భాష మర్యాదగా ఉండాలి. ఆ ఉత్తరాన్ని న్యాయమూర్తి కూడా చదువుతారన్న ఎరుకతో రాయండి. వాట్సాప్‌లో రాత్రి పదకొండింటికి పంపే మెసేజీ ఇందుకు పనికిరాదు.

ఇక టీసీ. విద్యాహక్కు చట్టం, 2009లో తల్లి లేదా తండ్రి అన్న మాటే తప్ప ఇద్దరి సంతకాలూ కావాలన్న నిబంధన ఎక్కడా లేదు. పిల్లవాడు బడి మారదలచుకున్నప్పుడు ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలనీ, టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదనీ 5వ సెక్షన్ చెబుతుంది. అయితే ఈ సెక్షన్ గురించి ఇంటర్నెట్‌లో కనిపించే సలహాల్లో రెండు పరిమితులు తరచుగా మరుగున పడతాయి. మొదటిది, ఈ బదిలీ హక్కు ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు మారడానికి వర్తిస్తుంది. ఒక ప్రైవేటు బడి నుంచి ఇంకొక ప్రైవేటు బడికి మారేవారు దీన్ని హక్కుగా అడగలేరు. రెండవది, ఈ చట్టం ఎనిమిదో తరగతి వరకే. అంటే మూడో తరగతికి వెళ్లే మీ అబ్బాయికి ఇది కొంత అండగా ఉంటుంది కానీ తొమ్మిదికి వెళ్లే అమ్మాయికి ఉండదు. పైగా ఇప్పుడు ప్రతి విద్యార్థి వివరాలూ యూడైస్ పోర్టల్‌లో, అంటే బడుల, విద్యార్థుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో, ఉంటాయి కాబట్టి, పాత బడి అక్కడ పేరు విడుదల చేయకపోతే కొత్త బడివారు తమ జాబితాలోకి తీసుకోలేక ఇబ్బంది పడతారు. టీసీ లేకుండానే నెట్టుకొద్దామన్న ఆలోచన ఎక్కువ దూరం సాగదు.

ప్రిన్సిపాలు మీద కోపం తెచ్చుకోకండి. ఆయన న్యాయమూర్తి కాదు. బల్లమీద ఒక పక్క తండ్రి ఉత్తరం, ఇంకో పక్క తల్లి దరఖాస్తు పెట్టుకొని, ఎవరికి అనుకూలంగా నడిచినా రెండోవారి నుంచి లీగల్ నోటీసు వస్తుందని భయపడే స్థితిలో ఉన్నాడు. ఆయనకు కావలసింది వాదన కాదు, కోర్టు ముద్ర ఉన్న ఒక్క కాగితం.

ఆ కాగితం కోసం విడిగా కొత్త కేసు వేయనక్కర్లేదు. హిందూ వివాహ చట్టంలోని 26వ సెక్షన్ కింద, నడుస్తున్న విడాకుల కేసులోనే పిల్లల కస్టడీ, పోషణ, విద్య గురించి కోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వవచ్చు. కేసు వేసింది మీ భర్తే అయినా, ప్రతివాదిగా మీరు ఐ.ఏ., అంటే నడుస్తున్న కేసులోనే వేసే మధ్యంతర దరఖాస్తు, దాఖలు చేయవచ్చు. అందులో మూడు కోరికలను స్పష్టంగా వేరు చేసి అడగండి: పిల్లల మధ్యంతర కస్టడీ మీకు ఇవ్వాలని, విజయవాడ బడిలో చేర్చడానికి అనుమతిస్తూ, టీసీ పొందడానికి తండ్రి సమ్మతి అవసరం లేదని ప్రకటించాలని, బకాయి ఫీజును, రాబోయే ఏడాది ఫీజును ఫలానా నిష్పత్తిలో ఆయన చెల్లించాలని. పిల్లల పోషణ, విద్యకు సంబంధించిన ఇటువంటి దరఖాస్తును ప్రతిపక్షానికి నోటీసు అందిన 60 రోజుల లోపు వీలైనంతవరకు తేల్చాలని చట్టం అంటోంది. వాయిదాలు, కౌన్సెలింగ్, కౌంటరు దాఖలుకు గడువులు అన్నీ కలిస్తే ఆ 60 రోజులు సాగుతాయన్నది కోర్టు మెట్లెక్కిన ఎవరికైనా తెలుసు. మే నెలలో కోర్టులకు వేసవి సెలవులు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. కాబట్టి ఫిబ్రవరిలోనే దాఖలు చేయండి. ఏప్రిల్‌లో వేస్తే జూన్‌కు చేతిలో ఏమీ ఉండదు.

కేవలం మనోవర్తి కేసు, అంటే ఎం.సి., మాత్రమే నడుస్తున్నవారికి ఈ దారి లేదు. ఆ కేసులో డబ్బు గురించి తప్ప, పిల్లలు ఏ బడిలో చదవాలన్నది తేల్చరు. అటువంటివారు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, పిల్లలు సాధారణంగా నివసించే చోటి కోర్టులో ఓ.పి., అంటే విడి పిటిషన్, వేసుకోవాలి.

మీరు అడగకపోయినా, మీ కేసులో నేను అన్నిటికన్నా ముందు చూసే విషయం ఒకటుంది: అమ్మాయి స్థానికత. మన రెండు రాష్ట్రాల్లోనూ వృత్తివిద్యా కళాశాలల సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయిస్తారు. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది స్థానికతకు మూల కొలమానం. ఇంటర్ తరువాత చేరే కోర్సులకైతే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు అన్నమాట. రాష్ట్ర విభజన తరువాత ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. వైద్యవిద్య ప్రవేశాల్లో తెలంగాణ ప్రభుత్వం పెట్టిన నాలుగేళ్ల నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. మీ అమ్మాయి ఈ జూన్‌లోనే తొమ్మిదో తరగతికి విజయవాడలో చేరితే నాలుగేళ్లూ ఆంధ్రప్రదేశ్‌లో పూర్తవుతాయి. పదో తరగతి మధ్యలోనో, పది అయ్యాకనో మారితే నాలుగేళ్లు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయి, ఇంజనీరింగ్, మెడిసిన్ ప్రవేశాల నాటికి చిక్కు వస్తుంది. ఈ మాటను మీ అఫిడవిట్‌లో తప్పక రాయండి. ఊరు మారడం తల్లి సౌకర్యం కోసమేనన్న వాదనకు, ఇప్పుడే మారడం బిడ్డకు ఎందుకు మంచిదో చూపించే బలమైన జవాబు ఇదే. దీనికి మరో కోణం కూడా ఉంది: అమ్మాయి తెలంగాణ స్థానికురాలిగా ఉండడమే మేలని ఆయన వాదించవచ్చు, దానికి కూడా సిద్ధపడి వెళ్లండి.

ఫీజు గురించి కొంచెం ఎక్కువే రాయాలి, ఎందుకంటే తగాదాలో సగం ఇక్కడే ఉంది. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం పోషణ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే తిండి, బట్ట, నివాసం, వైద్యంతో పాటు విద్య కూడా ఉంది. అదే చట్టం 20వ సెక్షన్ పిల్లలను పోషించే బాధ్యతను తండ్రి మీదే కాదు, తల్లి మీద కూడా పెట్టింది. సంపాదిస్తున్న తల్లి తన వాటా ఏమీ లేదనడం కుదరదు. 2000లో ఒక కేసులో సుప్రీంకోర్టు తండ్రి, తల్లి జీతాలను పక్కపక్కన పెట్టి, పిల్లల ఖర్చును 2:1 నిష్పత్తిలో ఇద్దరికీ పంచింది. 2020 నవంబరులో వచ్చిన రజనీష్, నేహ కేసు తీర్పు ఈ విషయంలో ఇప్పుడు కోర్టులన్నిటికీ మార్గదర్శకం: పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి, భార్య తగినంత సంపాదిస్తున్నట్లయితే ఆదాయాలను బట్టి ఇద్దరూ పంచుకోవాలి. ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాల వివరాలతో అఫిడవిట్ వేయడాన్ని కూడా ఆ తీర్పు తప్పనిసరి చేసింది. దరఖాస్తు వేసిన తేదీ నుంచే పోషణ మొత్తాన్ని లెక్కించాలని చెప్పింది. తొందరగా దాఖలు చేయమనడానికి ఇది మరో కారణం. మీ కొత్త ఉద్యోగం జీతాన్ని దాచకండి. నియామక పత్రాన్ని ఊరు మారడానికి కారణంగా చూపిస్తూ, జీతం మాత్రం రాయకపోతే నవ్వులపాలవుతారు.

ఆ తీర్పులోనే కోచింగ్ తరగతులు, చదువుతో పాటు నేర్చుకునే ఇతర విద్యల ఖర్చును కూడా పరిగణించాలని, అయితే అది మరీ విపరీతంగా ఉండకూడదని ఉంది. మన దగ్గర అసలు పేచీ ఈ విపరీతం అన్నచోటే వస్తుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ మామూలు ఫీజు మీద అదనంగా వసూలు చేసే బడులు మన ఊళ్లలో వీధికొకటి ఉన్నాయి. నేను ఆ బడిలో చేర్చమనలేదు, నేను కట్టను అని తండ్రి. సాటి పిల్లలందరూ వెళ్తున్నారు, నా బిడ్డ ఎందుకు వెనకబడాలి అని తల్లి. ఇటువంటప్పుడు కోర్టు చూసేది విడిపోకముందు పిల్లలు ఏ స్థాయి బడిలో చదివారన్నది, ఇద్దరి ఆదాయం ఎంతన్నది. మీ పిల్లలు ఇప్పుడు చదువుతున్న బడి ఫీజుకు దగ్గరగా ఉన్న బడినే విజయవాడలో ఎంచుకుంటే మీ పని చాలా తేలికవుతుంది.

పరస్పర అంగీకారంతో రాజీకి వెళ్లేవారు రాసుకునే ఒప్పందాల్లో "పిల్లల విద్యా ఖర్చులు తండ్రి భరించును" అన్న ఒకే ఒక్క వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యం రాసిన ఏడాదికే మళ్లీ కోర్టుకు వస్తారు. విద్యా ఖర్చు అంటే ట్యూషన్ ఫీజేనా, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, పరీక్ష ఫీజు, విహారయాత్ర, హాస్టల్ కూడానా? బడి ఏటా ఫీజు పెంచితే ఆ పెరుగుదల ఎవరిది? డబ్బు తల్లి ఖాతాలో వేయాలా, బడికే నేరుగా కట్టాలా, ఏ తేదీలోపు? ఏడాదికి ఇంత మొత్తానికి మించిన కోచింగ్‌లో చేర్చాలంటే రెండోవారి సమ్మతి కావాలా, అడిగిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్లేనా? ఇవన్నీ రాసుకోవాలి. నా అభిప్రాయంలో ఫీజు తండ్రి నేరుగా బడి ఖాతాలో కట్టడమే మంచిది. నా డబ్బు పిల్లలకు చేరడం లేదన్న అనుమానానికి తావుండదు, ఆయన దగ్గర రసీదు కూడా ఉంటుంది. పుస్తకాలు, బట్టల వంటి చిల్లర ఖర్చులకు నెలకింత అని విడిగా పెట్టుకోవచ్చు. ఒకేసారి కొంత మొత్తం తీసుకొని ఇకమీదట పిల్లల కోసం ఏమీ అడగనని తల్లి రాసిచ్చినా, పిల్లల హక్కును తల్లి వదులుకోలేదు. అవసరం వచ్చినప్పుడు పిల్లల తరఫున మళ్లీ అడగవచ్చు.

పద్దెనిమిదేళ్ల గీత దగ్గర చాలామంది దెబ్బతింటున్నారు. బి.టెక్ రెండో ఏడాదికి రాకముందే పిల్లలు మేజర్లవుతారు. పెళ్లికాని కూతురు, తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉన్నంతవరకు, మేజరయ్యాక కూడా దత్తత, పోషణ చట్టం కింద తండ్రిని అడగవచ్చు. కొడుకు విషయంలో చట్టం మైనారిటీతోనే ఆగిపోతుంది. కాబట్టి మీ అబ్బాయి కోసం, డిగ్రీ పూర్తయ్యేవరకు అన్న మాటను ఒప్పందంలో రాయించుకోవడం తప్ప గట్టి దారి లేదు.

ఉత్తర్వు వచ్చాక కూడా ఆయన కట్టకపోతే? మనోవర్తి గురించిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద వచ్చిన ఉత్తర్వయితే, బకాయికి వారెంటు, నెలవరకు జైలు ఉన్నాయి. కానీ ప్రతి బకాయికీ అది చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాది లోపు దరఖాస్తు పెట్టాలి. ఓపిక పట్టి మూడేళ్ల బకాయి ఒకేసారి అడుగుదామనుకుంటే ఆ సెక్షన్ కింద మొదటి రెండేళ్లదీ పోయినట్లే. విడాకుల కేసులో వచ్చిన ఉత్తర్వును ఈ.పి., అంటే అమలు కోరే పిటిషన్, వేసి అమలు చేయించుకోవాలి.

ఇక మీకు నచ్చని మాట ఒకటి. ఫీజు కట్టలేదని మీరు పిల్లలను ఆయనకు చూపించకపోవడం, చూపించలేదని ఆయన ఫీజు ఆపేయడం, రెండూ ఒకే రకం తప్పు. ఈ రెండింటినీ కోర్టు ఒకదానికొకటి చెల్లువేయదు. కలిసే హక్కు తండ్రికి ఎంత ఉందో, తండ్రిని కలిసే హక్కు పిల్లలకూ అంతే ఉందనీ, కలవడం కుదరని చోట వీడియో కాల్ ద్వారానైనా మాట్లాడించాలనీ సుప్రీంకోర్టు 2020లో స్పష్టంగా చెప్పింది. మీ ఐ.ఏ.లోనే మీ అంతట మీరుగా, నెలకు రెండు వారాంతాలు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో ఇన్ని రోజులు తండ్రి దగ్గర ఉంటారని ప్రతిపాదించండి. ప్రోగ్రెస్ కార్డు నకలు ఆయనకు ఇవ్వడానికీ, పేరెంట్స్ మీటింగ్‌కు రావడానికీ అభ్యంతరం లేదని రాయండి. కోర్టు నిషేధిస్తే తప్ప ఆ సమాచారం అడిగే హక్కు ఆయనకు ఎలాగూ ఉంది. మీరే ముందుగా ఇస్తానంటే ఊరు మారడానికి అనుమతి దొరికే అవకాశం పెరుగుతుంది. ఒక జాగ్రత్త: హింసకు సంబంధించిన కేసు గానీ, బిడ్డ భద్రతకు ముప్పు గానీ ఉన్నచోట ఈ సలహా వర్తించదు, అక్కడ పర్యవేక్షణలో కలిసే ఏర్పాటు అడగాలి.

బడి రికార్డుల్లో పిల్లల ఇంటిపేరు మార్చవచ్చా అని చివర్లో అడిగారు. 2022లో ఒక తెలుగు కుటుంబం కేసులో, ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లికి ఉందని సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. కానీ అక్కడ తండ్రి మరణించాడు, తల్లి పునర్వివాహం చేసుకుంది. తండ్రి బతికి ఉండి, కేసు నడుస్తున్న మీకు అది ఆసరా కాదు. ఇప్పుడు దాని జోలికి వెళ్లకండి.

ఇది చదివే ఇతరుల కోసం రెండు మాటలు. 144వ సెక్షన్ కింద పిల్లల పోషణ హక్కు ఏ మతం వారికైనా ఉంది; ముస్లిం తల్లిదండ్రుల పిల్లలకు కూడా ఉందని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. క్రైస్తవులు 1869 నాటి విడాకుల చట్టం కింద, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారు ఆ చట్టం 38వ సెక్షన్ కింద, ఇటువంటి మధ్యంతర ఉత్తర్వులే అడగవచ్చు. అమెరికాలో విడాకులు తీసుకున్న మనవాళ్లు, అక్కడి ఉత్తర్వులో పిల్లల నివాసం ఒకరికి ఇచ్చినా చదువు, వైద్యంపై నిర్ణయాధికారం ఇద్దరికీ ఉమ్మడిగా ఉండవచ్చని గుర్తుంచుకోవాలి. అటువంటప్పుడు రెండోవారి సమ్మతి లేకుండా పిల్లలను ఇక్కడి బడిలో చేర్చడం అక్కడి ఉత్తర్వును ఉల్లంఘించడమే అవుతుంది. ఇక్కడి కోర్టు విదేశీ ఉత్తర్వును గౌరవిస్తుంది కానీ, బిడ్డ సంక్షేమాన్ని మళ్లీ తానే విచారించి చూసుకుంటుంది.

మీ అమ్మాయికి పదమూడేళ్లు. ఆ వయసు బిడ్డ అభిప్రాయాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు కాబట్టి, న్యాయమూర్తి ఆమెను ఛాంబర్‌లోకి పిలిచి విడిగా మాట్లాడే అవకాశం ఉంది. ముందు రోజు కూర్చోబెట్టి ఏం చెప్పాలో నేర్పించకండి. నేర్పిన మాటలు రెండో ప్రశ్నకే బయటపడతాయి. హైదరాబాదులో స్నేహితులను వదిలి వెళ్లడం ఇష్టం లేదని ఆమె చెప్పినా ఆశ్చర్యపోకండి, దానివల్ల కేసు పోదు. న్యాయవాదిని పెట్టుకునే స్థోమత ప్రస్తుతం లేకపోతే, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఈ రెండేళ్ల ఫీజు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇద్దరి ప్రోగ్రెస్ కార్డులు, నియామక పత్రం, ఆయన ప్రిన్సిపాలుకు ఇచ్చిన ఉత్తరం నకలు తీసుకెళ్లండి. ఆ నకలును బడి నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వారు ఇవ్వకపోతే, మీరు అడుగుతూ పెట్టిన దరఖాస్తు మీద వారి ఆఫీసు ముద్ర వేయించుకుని ఆ కాపీనే కోర్టులో దాఖలు చేయండి.